వేల్స్ తీరంలో బస: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేసవిలో అమ్మానాన్నల్ని బ్రిటన్‌కు పిలిపించుకుంటున్నవాళ్లూ, అక్కడే చదువుకుంటున్న పిల్లలూ రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేల్స్ నైరుతి కొసన ఉన్న పెంబ్రోక్‌షైర్ తీరం గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: గుంటూరు నుంచి అమ్మానాన్నలు జులైలో వస్తున్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. సముద్రం దగ్గర బీ అండ్ బీలో మూడు రాత్రులు ఉందామనుకుంటున్నాం. బుక్ చేసేముందు ఏమేం అడగాలి? — పాఠకురాలు, రెడింగ్

జవాబు: బీ అండ్ బీ అంటే ఇంటివాళ్లు తాముండే ఇంట్లోనే నాలుగైదు గదులు అద్దెకిచ్చి, పొద్దున ఫలహారం పెట్టే ఏర్పాటు. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు ఉండవు. తలుపు తీసేదీ, వంట చేసేదీ, పక్కలు సర్దేదీ చాలాచోట్ల ఆ భార్యాభర్తలిద్దరే. వేళలన్నీ అంత పట్టుదలగా ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. గదిలోకి రావడం సాధారణంగా సాయంత్రం 4 నుంచి 6 మధ్య, ఫలహారం 8 నుంచి 9:30 లోపు, చివరి రోజు ఖాళీ చేయడం ఉదయం పదికో పదిన్నరకో. రైలు ఆలస్యమై రాత్రి తొమ్మిదికి చేరేలా ఉంటే దారిలోనే ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే తాళం వేసి ఉన్న తలుపు ముందు నిలబడాల్సి వస్తుంది, ఆ వేళకు అక్కడ ఇంకో దిక్కు దొరకడం కష్టం.

మీ అమ్మగారి విషయంలో మొదట అడగాల్సింది మెట్ల గురించి. ఇవి ఎక్కువగా పాతకాలపు ఇళ్లు. మెట్లు ఇరుకుగా, నిట్టనిలువుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు, పడకగదులు పై అంతస్తుల్లోనే. గ్రౌండ్ ఫ్లోర్ గది ఉందా అని అడగండి. లేదంటే గదికి ఎన్ని మెట్లు, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని అడగండి. తర్వాత బాత్రూమ్. ‘ఎన్ స్వీట్’ అంటే గదికి ఆనుకుని ఉన్నది. ‘ప్రైవేట్ బాత్రూమ్’ అంటే మీ ఒక్కరిదే, కానీ వసారా దాటి వెళ్లాల్సి రావచ్చు. ‘షేర్డ్’ అంటే పక్కగదివాళ్లతో కలిపి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, షవర్ టబ్బులో ఉందా, విడిగా ఉందా అన్నది. టబ్బులో ఉంటే మోకాలి ఎత్తు అంచు దాటి తడి నేలమీద అడుగు పెట్టాలి. మోకాళ్ల నొప్పులవాళ్లు జారిపడేది అక్కడే. ‘వాక్ ఇన్ షవర్’ అనే మాట వాడి అడగండి.

మంచాల మాట కూడా తేల్చుకోండి. ‘డబుల్’ అంటే 135 సెంటీమీటర్ల వెడల్పున్న ఒకే మంచం. ఇంట్లో విశాలమైన మంచానికి అలవాటుపడ్డ ఇద్దరికి అది ఇరుకు. ‘కింగ్’ 150 సెంటీమీటర్లు. ‘ట్విన్’ అంటే రెండు విడి మంచాలు.

ఇక ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటి. బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే తూము ఉండదు. కర్టెన్ బయట వదిలేస్తే, మగ్గుతో నేలమీద నీళ్లు పోస్తే, ఆ నీరు చెక్కనేల సందుల్లోంచి కింది గది కప్పు మీదకి దిగుతుంది, మరకకు ఖర్చు మీమీద పడొచ్చు. కర్టెన్ అంచు టబ్బు లోపల ఉండాలి. టాయిలెట్లో నీటి పైపు ఉండదు కాబట్టి చిన్న ప్లాస్టిక్ సీసా వెంట ఉంటే పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. షవర్ పక్కన వేలాడే తాడు చాలాసార్లు దాని స్విచ్చే. దాన్ని లాగితేనే వేడినీళ్లు వస్తాయి. ఎర్ర తాడు కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, అది అత్యవసర అలారం.

సీజన్లో ఇద్దరికి ఒక రాత్రికి చాలాచోట్ల 100 పౌండ్లు దాటుతుంది. వారాంతాల్లో ఒక్క రాత్రికి ఇవ్వరు, రెండు రాత్రులైనా తీసుకోమంటారు. వెబ్‌సైట్లో చవకగా కనిపించే రేటు తరచు డబ్బు తిరిగిరాని రేటు. పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు నేరుగా ఫోన్ చేసి బుక్ చేసుకోవడమే నయం, మెట్ల సంగతీ తిండి సంగతీ అదే ఫోన్లో తేలిపోతాయి.

ఊరి ఎంపికలో మాది స్పష్టమైన అభిప్రాయం: కారు లేకపోతే, మోకాళ్లు సహకరించకపోతే, సెయింట్ డేవిడ్స్ కంటే టెన్బీ మేలు. అక్కడ రైల్వే స్టేషన్ ఊళ్లోనే ఉంది. పదమూడో శతాబ్దపు ప్రహరీగోడ లోపల చూడాల్సినవన్నీ దగ్గరదగ్గరే. వేసవి నడిమధ్య పగటిపూట ఆ గోడ లోపలికి కార్లు రానివ్వరు కాబట్టి పెద్దవాళ్లు నిశ్చింతగా నడవొచ్చు. అదే కారణంగా, మీరే కారులో వెళ్తుంటే సామాను ఎప్పుడు దింపుకోవచ్చో ఇంటివాళ్లను ముందే అడగండి. అక్కడినుంచి కాల్డీ ద్వీపానికి పడవలో 20 నిమిషాలు. 1929 నుంచి సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు ఉంటున్న మఠం అక్కడుంది, వాళ్లు చేసే చాక్లెట్లు అక్కడే అమ్ముతారు. ఆదివారం పడవలు లేవు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పడవ రేవునుంచి కాక కాసిల్ బీచ్ ఇసుకమీది నుంచి బయల్దేరుతుంది. అక్కడికి దిగి, మళ్లీ ఎక్కి రావాలి గనక, టికెట్ కొనేటప్పుడే ఎక్కణ్నుంచో అడిగి మీ అమ్మగారికి వీలయ్యే వేళకు తీసుకోండి.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడి ఫలహారంలో మాకు ఏమైనా ఉంటుందా? — పాఠకుడు, మిల్టన్ కీన్స్

జవాబు: ఉంటుంది, కానీ ముందురోజు చెప్పినవాళ్లకే బాగా ఉంటుంది. చాలా ఇళ్లలో రాత్రే ఒక కార్డు ఇచ్చి పొద్దున ఏం కావాలో టిక్కు పెట్టమంటారు. ఆ కార్డులో చోటు చాలదు. బుకింగ్ అప్పుడే రాసి పంపండి.

అక్కడ ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు తింటారనే లెక్క. ‘వీగన్’ అంటే పాలు, పెరుగు, వెన్న, తేనె కూడా వద్దన్నట్టు. మీరు ఈ రెంటికీ మధ్య ఉన్నారు కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టకుండా ‘మాంసం, చేప, గుడ్డు వద్దు, పాలు, పెరుగు, వెన్న సరే’ అని విడమరచి రాయండి. దానికింద ఇంకో వాక్యం: ‘మా వంట వేరే పెనం మీద, నూనెతో చెయ్యగలరా?’ ఇది ఎందుకంటే, పుట్టగొడుగులూ టమాటాలూ శాకాహారమే అయినా బేకన్ వేయించిన పెనంమీదే, ఆ కొవ్వులోనే వేగడం అక్కడి అలవాటు. ఇంటివాళ్లు దీన్ని తప్పుగా తీసుకోరు. చివరి నిమిషంలో, నాలుగు బల్లలకు వడ్డిస్తున్నప్పుడు అడిగితేనే చిరాకు.

ఇబ్బంది లేనివి: పాలతోనో నీళ్లతోనో కాచిన ఓట్స్ గంజి, టమాటా సాస్‌లో ఉడికించిన బీన్స్, టోస్టు, మార్మలేడ్, పళ్లు. మామూలు పెరుగు ఫర్వాలేదు. పళ్ల రుచులు కలిపిన కొన్నిటిలో జంతువుల ఎముకలు, చర్మంనుంచి తీసే జెలటిన్ ఉంటుంది, డబ్బా వెనక చదవండి. శాకాహార సాసేజ్‌లలో కొన్నింటిని తెల్లసొనతోనే అతికిస్తారు. గ్లామోర్గన్ సాసేజ్ అనేది వేల్స్‌వాళ్ల సొంత వంటకం, చీజ్, లీక్ అనే ఉల్లిజాతి కూర, రొట్టెపొడి కలిపి చేస్తారు. మాంసం ఉండదు గానీ సాధారణంగా గుడ్డు ఉంటుంది. వెల్ష్ రేర్‌బిట్ చూడ్డానికి చీజ్ టోస్టే. అందులో వేసే వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది, చాలామంది బీరు కూడా పోస్తారు. ఎండుద్రాక్ష వేసి పెనంమీద కాల్చే వెల్ష్ కేకుల్లో గుడ్డు మామూలే, పాత పద్ధతిలో పందికొవ్వు కూడా పడుతుంది. టీతో ఇచ్చే ఎండుపళ్ల రొట్టె బారా బ్రిత్‌లోనూ సాధారణంగా గుడ్డు వేస్తారు. చీజ్ విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు పాలు విరవడానికి దూడ పొట్టనుంచి తీసే జంతు రెనెట్ వాడారో లేదో అడగాలి.

మీ వంటి కుటుంబాలు తప్పక రుచి చూడదగ్గది లేవర్‌బ్రెడ్. పేరులో బ్రెడ్ ఉన్నా అది రొట్టె కాదు, సముద్రపు పాచి. తీరపు రాళ్లమీద పెరిగే పాచిని ఇసుకపోయేలా పదేపదే కడిగి, గంటలకొద్దీ ఉడికించి, మెత్తగా నూరితే ముదురాకుపచ్చ ముద్ద అవుతుంది. దాన్ని ఓట్స్ పిండిలో దొర్లించి బిళ్లలుగా వేయిస్తారు. వేయించేది మామూలుగా బేకన్ కొవ్వులో, కాబట్టి నూనె మాట ఇక్కడా గుర్తుచెయ్యాలి. రుచిలో ఉప్పూ ఇనుమూ కలిసిన ఆకుకూరలా ఉంటుంది, ఒక నిమ్మచెక్క పిండుకుంటే ఇంకా బాగుంటుంది. ఈ పాచిని ఏరి ఆరబెట్టే గడ్డికప్పు గుడిసెలు ఒకప్పుడు ఫ్రెష్‌వాటర్ వెస్ట్ బీచ్‌లో వరసగా ఉండేవి. ఒకదాన్ని బాగుచేసి నిలిపారు, ఇప్పటికీ చూడొచ్చు. మాంసాహారులకైతే ఇదే పళ్లెంలో కాకిల్స్ అనే చిన్న ఆల్చిప్పల మాంసం కూడా వస్తుంది.

రాత్రి భోజనానికి పబ్బులే గతి, వంటగది ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా మూసేస్తారు. చిప్స్ మాత్రమే తిని కడుపు నింపుకుందామనుకునేవాళ్లు రెండు ప్రశ్నలు వెయ్యాలి: వేయించేది నూనెలోనా, పశువుల కొవ్వులోనా, అదే మూకుట్లో చేప కూడా వేస్తారా. ప్రతి హోటలూ, బీ అండ్ బీ తమ శుభ్రత మార్కును 0 నుంచి 5 దాకా వేసిన స్టిక్కరుతో గుమ్మం దగ్గర అంటించాలని వేల్స్‌లో 2013 నుంచి చట్టం ఉంది. లోపలికి వెళ్లేముందు ఆ అంకె చూడండి.

ప్రశ్న: గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా? — పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. గదుల్లో పొగ అలారాలు ఉంటాయి, ఆవిరి తగిలినా కొన్ని మోగుతాయి, ఇల్లంతా రోడ్డుమీదకి రావాల్సొస్తుంది. అగరబత్తి, దీపం సంగతీ అంతే. గదిలో కెటిల్, టీ పొట్లాలు, చిన్న పాల కప్పులు ఉంటాయి. వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, అటుకుల పొట్లాలు తెచ్చుకుంటే పెద్దవాళ్లకు రాత్రిపూట ఆధారం. ఆవకాయ తెచ్చుకోండి గానీ మూత గదిలో తియ్యకండి, కింద ఫలహారం బల్ల దగ్గర అడిగి వేసుకోండి. తలకు నూనె రాసుకునే అలవాటుంటే దిండుమీద మీ తువ్వాలు పరుచుకోండి, తెల్ల గలీబుమీది నూనె, పసుపు మరకలు వదలవు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి. వోల్టేజీ 230, కాబట్టి ఛార్జర్లకు బెంగ లేదు.

ప్రశ్న: వైట్‌సాండ్స్ బీచ్‌కి పోయినసారి వెళ్లినప్పుడు విశాలమైన ఇసుక ఉంది, రెండు మూడు గంటల్లో సగానికి సగం మాయమైంది. రాళ్ల చాటుకు వెళ్లిన మా స్నేహితులు మోకాళ్ల లోతు నీళ్లలో తిరిగొచ్చారు. పోటు వేళలు ఎలా లెక్కేసుకోవాలి? — విద్యార్థి, స్వాన్సీ

జవాబు: మీ స్నేహితులది అదృష్టం. ఈ తీరంలో ఏటా లైఫ్‌బోట్లు ఇలా చిక్కుకున్నవాళ్లను తెచ్చి ఒడ్డున దింపుతూనే ఉంటాయి.

మన తీరంలో పెరిగినవాళ్లకు ఇది అంచనాకు అందదు. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా ఒకటిన్నర మీటరు దరిదాపుల్లో. పెంబ్రోక్‌షైర్‌లోని మిల్ఫర్డ్ హేవెన్‌లో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అది 6 మీటర్లకు పైనే, అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. ఆ నీరంతా ఆరుంబావు గంటల్లో ఎక్కుతుంది, అంతే సేపట్లో దిగుతుంది.

ఎక్కడమైనా ఒకే వేగంతో కాదు. మొత్తం ఎత్తును 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, అయిదో గంటలో 2, ఆరో గంటలో 1. ఆరు మీటర్ల పోటులో మొదటి గంటలో పెరిగేది అరమీటరే. అది చూసి ‘ఇంకా టైముందిలే’ అనుకుంటారు. మూడు, నాలుగు గంటల్లో గంటకు మీటరున్నర చొప్పున లేస్తుంది. బల్లపరుపు ఇసుకమీద మీటరు ఎత్తంటే పదుల మీటర్ల దూరం ముందుకు రావడం. పైగా నీరు ముందు పల్లపు కాలువల్లో నిండి మీ వెనకనుంచి చుట్టేస్తుంది, మీరు నిలబడ్డ మిట్ట పొడిగానే కనిపిస్తుంటుంది. కొండచరియ కిందినుంచి ఒక బీచ్‌నుంచి ఇంకో బీచ్‌కు నడిచేవాళ్లు చిక్కుకునేది ఇలాగే.

చెయ్యాల్సింది సులువు. ఆ బీచ్‌కు సంబంధించిన పోటు పట్టిక చూడండి. ఇంటివాళ్ల దగ్గరా, పర్యాటక కేంద్రాల్లో చిన్న పుస్తకంగానూ దొరుకుతుంది. పట్టిక పైన జీఎంటీ అని ఉంటే మార్చి చివరినుంచి అక్టోబర్ చివరిదాకా ఒక గంట కలపాలి, ఆ నెలల్లో బ్రిటన్ గడియారాలు గంట ముందుంటాయి. కొన్ని పట్టికల్లో అది ముందే కలిపి ఉంటుంది, రెండుసార్లు కలిపితే మళ్లీ ప్రమాదమే. రాళ్ల చుట్టూ, మూలల అవతల నడవాలంటే నీరు ఇంకా దిగుతున్నప్పుడే బయల్దేరి, ఆటు అడుగంటే వేళకు వెనక్కి తిరగండి. రోజురోజుకూ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇంకో దారి. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికన్నా పెద్దది, వేసవి కాలమానంలో ఆ రోజుల్లో ఆటు మధ్యాహ్నం ఒంటిగంట, రెండు ప్రాంతంలో వస్తుంది. ఇసుక బాగా బయటపడే రోజులవే. అష్టమి దాటిన రోజుల్లో తలకిందులు: మధ్యాహ్నానికి పోటు వచ్చి ఇసుక కుంచించుకుపోతుంది, తేడా మాత్రం చిన్నది. ఇది సెలవు తేదీలు ఎంచుకోవడానికి. ఆ రోజు వేళకు పట్టికే ప్రమాణం.

స్నానానికి దిగేవాళ్లు ఎరుపు పసుపు జెండాల మధ్యే ఉండండి. నలుపు తెలుపు గళ్ల జెండాలు సర్ఫ్ బోర్డులవాళ్లవి. వట్టి ఎర్రజెండా ఉంటే దిగొద్దు. లైఫ్‌గార్డులు సీజన్లోనే, సాధారణంగా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా ఉంటారు. ఆగస్టులో కూడా నీళ్లు 16, 17 డిగ్రీలు దాటవు. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చుకుపోయి నీళ్లు మింగేస్తారు, ఈత వచ్చినవాళ్లు కూడా. అలా అయితే కాళ్లూచేతులూ కొట్టకుండా వెల్లకిలా తేలండి, ఒకటి ఒకటిన్నర నిమిషంలో శ్వాస కుదుటపడుతుంది. ఎవరైనా చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి ‘కోస్ట్‌గార్డ్’ అని అడగాలి. వాళ్లకోసం మీరు నీళ్లలోకి దిగొద్దు.

ప్రశ్న: పఫిన్ పక్షులు చూపిద్దామని పిల్లలకు మాటిచ్చాను. ఆగస్టు రెండో వారంలో వెళ్తే కనిపిస్తాయా? — పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: కనిపించవు. జులై చివరికల్లా అవి గూళ్లు వదిలి సముద్రంమీదకి వెళ్లిపోతాయి, మళ్లీ ఒడ్డెక్కేది వచ్చే వసంతంలోనే. మే, జూన్, జులై మొదటి మూడు వారాలు ఖాయమైన కాలం. జూన్ చివరినుంచి పిల్లలకు ఆహారంగా ముక్కునిండా చేపలు పట్టుకుని రావడం చూడొచ్చు.

చూసే చోటు స్కోమర్ ద్వీపం, అక్కడ పఫిన్ల లెక్క 40 వేలు దాటింది. పడవ మార్టిన్స్ హేవెన్ నుంచి, ప్రయాణం పావుగంట. రోజుకు ద్వీపంమీద దిగేవాళ్ల సంఖ్యకు పరిమితి ఉంది, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. సోమవారాలు మామూలుగా దిగనివ్వరు, బ్యాంక్ హాలిడే అయితే తప్ప. అన్నీ కుదిరినా గాలి ఒప్పుకోవాలి. దిగే రేవు ఉత్తరం వైపుకు తెరుచుకుని ఉంది కాబట్టి ఉత్తరపు గాలి వీస్తే, ఎండ కాస్తున్నా పడవలు ఆపేస్తారు. అందుకే బసలో చివరి రోజున కాక మొదటి రోజుల్లో పెట్టుకోండి. పడవ దిగగానే నిటారు మెట్లు ఉంటాయి. పైన అమ్మే తిండి ఏదీ లేదు, నాలుగైదు గంటలకు నీళ్లూ తిండీ మోసుకెళ్లాలి. పఫిన్లు నేలలో బొరియలు చేసుకుని ఉంటాయి, బాట వదిలి ఒక్క అడుగు వేసినా గూడు కూలిపోవచ్చు. పిల్లలకు ఇది పడవ ఎక్కకముందే చెప్పండి. సెయింట్ డేవిడ్స్‌లో బస చేస్తే మార్టిన్స్ హేవెన్‌కు సెయింట్ బ్రైడ్స్ బే అంతా చుట్టి వెళ్లాలి, కారులో గంట చేతిలో ఉంచుకోండి.

మాట తప్పక తప్పదంటే సీల్స్‌తో సర్దిచెప్పండి. ఆగస్టు చివరినుంచి నవంబర్ దాకా సెయింట్ డేవిడ్స్ దగ్గరి రామ్సే ద్వీపం చుట్టూ, కొండకింది గులకరాళ్ల బీచ్‌ల్లో గ్రే సీల్స్ పిల్లల్ని కంటాయి. తెల్లబొచ్చు పిల్ల మూడు వారాలపాటు తల్లిపాల మీదే ఉంటుంది. మనుషులు దగ్గరికెళ్తే తల్లి బెదిరి నీళ్లలోకి పోతుంది, కొన్నిసార్లు తిరిగి రాదు. కొండపైనుంచి బైనాక్యులర్‌తో చూడటమే పద్ధతి.

ప్రశ్న: కారు లేదు. లండన్‌నుంచి సెయింట్ డేవిడ్స్ ఎలా? — పాఠకుడు, ఈస్ట్ హామ్

జవాబు: లండన్ పాడింగ్టన్ స్టేషన్‌నుంచి స్వాన్సీలోనో కార్డిఫ్‌లోనో రైలు మారి హేవర్‌ఫర్డ్‌వెస్ట్ దాకా, నాలుగున్నర అయిదు గంటలు. అక్కడినుంచి సెయింట్ డేవిడ్స్ 16 మైళ్లు, టీ11 బస్సు ముప్పావుగంట. రైలు టికెట్ కొనేముందు బస్సు వేళ చూడండి, రైలు దిగాక కాదు. ఆదివారాలు బస్సులు తక్కువ, సాయంత్రం చివరి బస్సు మనమనుకునేదానికంటే ముందే వెళ్లిపోతుంది. ట్రావెల్‌లైన్ కమ్రీ యాప్‌లో రెండూ ఒకచోటే కనిపిస్తాయి. 60 దాటినవాళ్లు సీనియర్ రైల్‌కార్డ్ తీసుకుంటే టికెట్లో మూడోవంతు తగ్గుతుంది, ఇండియానుంచి చూడటానికి వచ్చినవాళ్లకూ అది ఇస్తారు.

వేసవిలో తీరం వెంట చిన్న షటిల్ బస్సులు తిరుగుతాయి: ఊరి చుట్టుపక్కలకు సెల్టిక్ కోస్టర్, ఉత్తరానికి స్ట్రంబుల్ షటిల్, దక్షిణానికి పఫిన్ షటిల్. పల్లె రోడ్లమీద ఆపడానికి వీలైన చోట చెయ్యెత్తితే ఆగుతాయి. వేళలు ఏటా మారతాయి, ఆ ఏటి పట్టికే చూడాలి.

ప్రశ్న: తీరపు కాలిబాట మొత్తం 186 మైళ్లట. ఎనిమిదేళ్ల పిల్లలతో ఒక్క పూటలో చూడదగ్గ ముక్క ఏది? — పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పోర్త్‌గేన్ నుంచి అబెరైదీ, సుమారు రెండు మైళ్లు. పోర్త్‌గేన్ రేవు పక్కన పగలగొట్టిన రాయి నిలవచేసిన భారీ ఇటుక గదులు ఇంకా నిలబడి ఉన్నాయి. కొండను పగలగొట్టి రోడ్లకు కంకర పంపిన రోజుల గుర్తు. అబెరైదీలో పాత పలకరాతి గనిలోకి సముద్రం చొరబడి ఏర్పడ్డ నీలిగుండం ఉంది. చూడటానికి కొలనులా ప్రశాంతంగా ఉంటుంది గానీ లోతు 25 మీటర్లు, నీళ్లు చల్లన, ఒడ్డునుంచే లోతు, పిల్లల్ని దింపొద్దు. శరదృతువులో సీల్స్ అక్కడ ఈనితే దాన్ని మూసేస్తారు.

దూరాన్నిబట్టి కాలాన్ని లెక్కెయ్యకండి. ఈ బాట ప్రతి వాగు దగ్గరా దిగి మళ్లీ ఎక్కుతుంది. మొత్తం 186 మైళ్లలో ఎక్కేది 35,000 అడుగులు, ఎవరెస్టుకన్నా ఎక్కువ. పిల్లలతో గంటకు ఒకటిన్నర మైలు పెట్టుకోండి. చాలాచోట్ల కొండ అంచున కమ్మీ లేదు. గాలి బలంగా ఉన్నప్పుడు పిల్లలు లోపలివైపు నడవాలి. గొడుగు పనికిరాదు, ఒక్క విసురుకు తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు కావాలి. నడక అయ్యాక కాళ్లు, మోకాలి మడతలు చూసుకోండి, గడ్డిలో టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులు ఉంటాయి. కరిచి పట్టుకుంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగాలి, నలపకూడదు. మ్యాప్ కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ ఓఎల్35. ఫోన్ సిగ్నల్ కొండల మడతల్లో పోతుంది.

ఇంకా చిన్న నడకైతే సెయింట్ డేవిడ్స్‌నుంచి సెయింట్ నాన్స్. ఊరికి పేరిచ్చిన సెయింట్ డేవిడ్‌ను తల్లి తుఫానులో కన్నదని చెప్పే చోట శిథిల గుడి, పక్కనే బావి, ఎదురుగా సముద్రం.

ప్రశ్న: వాన పట్టుకుంటే ఏం చెయ్యాలి? — పాఠకురాలు, నాటింగ్‌హామ్

జవాబు: సెయింట్ డేవిడ్స్‌లోని కెథెడ్రల్ చాలు, ఒక పూట గడుస్తుంది. 1181లో మొదలుపెట్టిన కట్టడం, సముద్రంమీద వచ్చే దోపిడీదారులకు కనపడకుండా పల్లంలో ఉంది. రెండుసార్లు ఇక్కడికి యాత్ర చేస్తే రోమ్‌కు ఒకసారి వెళ్లినంత పుణ్యమని పన్నెండో శతాబ్దపు పోప్ ఒకరు ప్రకటించారు. ద్వారంనుంచి దిగడానికి 39 మెట్లు, మెట్లు వద్దనుకునేవాళ్లు వాలురోడ్డు మీదుగా వెళ్లొచ్చు. పక్కనున్న బిషప్స్ పాలెస్‌కు వానలో టికెట్ కొనకండి, పైకప్పే లేదు. కారుంటే పెంబ్రోక్ కోటకు వెళ్లండి, ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ 1457లో పుట్టింది అక్కడే. బురుజుల లోపల తలదాచుకుంటూ తిరగొచ్చు.

ప్రశ్న: ఇండియా లైసెన్సుతో కారు అద్దెకు తీసుకుని వెళ్లొచ్చా? రోడ్లు ఎలా ఉంటాయి? — పాఠకుడు, విజయవాడ

జవాబు: చెల్లుబాటులో ఉన్న మన లైసెన్సుతో 12 నెలలదాకా నడపొచ్చు, ఎడమ వైపే. గేర్ల కారు చవక. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. సెప్టెంబర్ 2023 నుంచి వేల్స్ ఊళ్లలో వీధిదీపాలున్న రోడ్లమీద మామూలు పరిమితి గంటకు 20 మైళ్లు. ఇంగ్లండ్‌లో 30కి అలవాటుపడి వచ్చేవాళ్లకు జరిమానా పడేది అందుకే. రోడ్డుమీద తెల్లగా వెల్ష్ భాషలో ‘అరవ్’ (ARAF) అని రాసి ఉంటే నెమ్మదించమని. ‘పెరిగ్ల్’ అంటే ప్రమాదం.

బీచ్‌లకు వెళ్లే దారులు ఒక కారు పట్టేంతే, రెండువైపులా మట్టి, రాళ్లతో లేపిన గట్లు, వాటిమీద పొదలు. పొదల్లో రాళ్లుంటాయి, అద్దెకారు పక్కలు గీసుకుపోతాయి. ఎదురుగా బండి వస్తే వెడల్పు చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు ఆగడమో, వెనక్కి తీసుకోవడమో చెయ్యాలి. ఆ చోటు మీ కుడివైపు ఉంటే అటు దూరకండి, దాని ఎదురుగా ఆగితే వాళ్లే అందులోకి వెళ్లి దాటుతారు. వెనక్కి నడపడం రానివాళ్లు ఖాళీ కారు పార్కులో ముందు అభ్యాసం చేసుకోండి. పార్కింగ్ మిషన్లలో కొన్ని యాప్ అడుగుతాయి, సిగ్నల్ ఉండదు. నాలుగైదు పౌండ్ల చిల్లర ఎప్పుడూ కారులో ఉంచండి. ఆగస్టులో వైట్‌సాండ్స్ కారు పార్కు ఎండ కాసిన రోజు పదకొండుకే నిండిపోవచ్చు. ఫలహారం మొదటి వేళకు అడిగి, తినగానే బయల్దేరండి.